నాలుగో వంతెన దాటనివాళ్లు

ఏడో తరగతి లైబ్రరీలోకి వచ్చిందంటే సంత లోపలికి వచ్చినట్టే. ఆ వారం సంత కూడా సిగ్గుపడి పక్కకి తప్పుకునేలా ఉంది. బల్లల మీద పుస్తకాలు, పుస్తకాల మీద మోచేతులు, మోచేతుల మధ్య తలకాయలు. "ఇది మాది", "మేం ముందు చూశాం", "మీరు అట్ట చూశారు, మేం లోపల చూశాం" అని ఒకటే రభస. పక్క గదిలో పాఠం చెబుతున్న లెక్కల మాస్టారు కోపంగా వచ్చి తలుపులో నిలబడ్డారు, కాసేపు చూశారు, చివరికి తనూ ఒక పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఈ గోలంతా లైబ్రేరియన్ చేతులారా కొనితెచ్చుకున్నదే. ఇన్నేళ్లూ ఏడో తరగతి పుస్తకాల క్లబ్బులకి పుస్తకాలు ఆవిడే ఏరి ఇచ్చేది. జట్టుకో పుస్తకం, జట్టులో ఐదారుగురు, అందరూ అదే చదివి వారానికోసారి కూర్చుని మాట్లాడుకోవాలి. పిల్లలు బుద్ధిగా తీసుకునేవాళ్లు, బుద్ధిగా చదివేవాళ్లు, బుద్ధిగా "బాగుంది మేడం" అనేవాళ్లు. ఆ "బాగుంది మేడం" వినీ వినీ ఆవిడకి చెవులు చిల్లులు పడ్డాయి. "ఏం బాగుంది మేడం, ఆ కథలో అన్న అలా చేసుండకూడదు" అని ఒక్కళ్లైనా పోట్లాటకి వస్తే ఎంత బాగుండునో అనుకునేది. అందుకే ఈ ఏడు చేతులెత్తేసింది. "పుస్తకం నేనివ్వను. మీరే వెతకండి, మీరే ఆరా తియ్యండి, మీరే తేల్చుకోండి. శుక్రవారం అందరి ముందూ నిలబడి, ఆ పుస్తకమే ఎందుకు కావాలో చెప్పండి" అంది.

ఆరా తియ్యడం ఎలాగో మాత్రం నేర్పింది. అట్ట చూసి మురిసిపోవద్దంది. మొదటి పేజీ జట్టంతా వినేలా పైకి చదవమంది. తర్వాత మధ్యలో ఎక్కడో తెరిచి ఇంకో పేజీ చదవాలి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి, పేజీ అయ్యేసరికి చెయ్యి పిడికిలైపోతే ఆ పుస్తకాన్ని పై తరగతికి వదిలెయ్యాలి. రాసినవాళ్లెవరో కనుక్కోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, దాన్ని చదివినవాళ్లని పట్టుకుని అడగాలి.

ఇక పిల్లల్ని పట్టేవాళ్లు లేరు. ఒక జట్టు అలమరలోకెల్లా సన్న పుస్తకం ఏరుకుని లోకాన్ని జయించినట్టు నవ్వింది. పైకి చదివితే అది మురుగు కాలువల నిర్వహణ గురించి. ఇంకో జట్టు దెయ్యాల పుస్తకంలో మధ్య పేజీ చదువుతుండగా వాళ్లలో ఒకడు బల్ల కిందికి దూరాడు. "ఇదే, ఇదే కావాలి" అని మిగిలినవాళ్లు ఎగిరారు. మూడో జట్టు తాము మెచ్చిన రచయిత్రి బతికే ఉందని కనుక్కుని, ఈమెయిల్ పంపి, జవాబొచ్చిందేమోనని మాటిమాటికీ కంప్యూటర్ దగ్గరికి పరుగు. లైబ్రేరియన్‌కి లోపల పట్టరాని సంతోషం. పైకి మాత్రం "నెమ్మది, నెమ్మది" అంటూ తిరిగింది.

ఒక్క జట్టే ఇంకా ఏమీ తేల్చుకోలేదు. ఆ జట్టులోనే ఆవిడ కూతురు ఉంది.

ఆ అమ్మాయిని బడిలో అందరూ గోడ అంటారు. ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపర్. బంతి తనని దాటి వెళ్లడం చూసినవాళ్లు తక్కువ. చదివే సంగతిలోనూ ఆ పేరు చక్కగా అతికింది, ఎందుకంటే తల్లి ఇన్నేళ్లుగా చెబుతున్నదంతా గోడకి చెప్పినట్టే అయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా? ఊరి పిల్లలందరికీ పుస్తకం రుచి చూపించిన మనిషి సొంత బిడ్డ ఒక్క కథల పుస్తకం కూడా చివరిదాకా చదవలేదు. మొదలుపెట్టేది. కొన్నాళ్లు అది తలగడ పక్కన ఉండేది. తల్లి గుమ్మంలోంచి తొంగిచూసి "ఎందాకా వచ్చావు? కుక్క తిరిగొచ్చే చోటికి వచ్చావా? అది భలే ఉంటుందిలే" అనేది. ఆ తర్వాత పుస్తకం చడీచప్పుడు లేకుండా అలమరలోకి వెళ్లిపోయేది. ఎందుకు ఆపేశావంటే "ఊరికే" అన్న జవాబు తప్ప రెండోది లేదు. ఆ జవాబు తల్లికి ముల్లులా గుచ్చుకునేది.

శుక్రవారానికి తేల్చుకోని జట్టుకి క్లాసు టీచరు తనే ఒక పుస్తకం ఇస్తానంది. అదేమిటో అందరికీ తెలుసు, పోటీ పరీక్షల జనరల్ నాలెడ్జి. అది చేతిలో పడితే, తెరుచుకోవాలా వద్దా అని ఊగుతున్న తలుపు కూతురు గట్టిగా మూసేస్తుందని తల్లి భయం. పోనీ తనే ఒకటి చేతిలో పెడదామంటే, పెట్టినవన్నీ అలమర పాలే అయ్యాయి కదా. ఈసారి ఆరునూరైనా సలహా ఇవ్వకూడదని ఒట్టు పెట్టుకుంది. పుస్తకం పేరు నాలుక చివరిదాకా వస్తే వెనక్కి మింగేసింది.

మంగళవారం గోడ జట్టు ఆవిడ బల్ల దగ్గరికొచ్చింది. ముందు రేడియో. ఆ పిల్లకి నోట్లో నువ్వుగింజ నానదు, ఆ పేరు అందుకే వచ్చింది. వెనక గోడ. బడిలో ఉన్నంతసేపు తల్లిని మేడం అనే పిలవాలన్నది ఆ అమ్మాయి తనకి తనే పెట్టుకున్న నియమం.

"మేడం, చదివినవాళ్లని అడగమన్నారు కదా" అంది గోడ. "చదవడం మధ్యలో ఆపేసినవాళ్లని అడగొచ్చా?"

"ఆపేసినవాళ్లనా? ఎందుకు?"

"చదివినవాళ్లంతా ఒకటే మాట చెప్తున్నారు మేడం. బాగుంది, మంచి నీతి ఉంది, చదవండి అని. ఎందుకు ఆపేశారని అడిగామనుకోండి, అప్పుడు నిజం చెప్తారు."

"లెక్కల సార్‌ని అడిగేశాం కూడా మేడం!" రేడియో ఆగలేకపోయింది. "ముందు ఏ పుస్తకమూ ఆపలేదన్నారు. తర్వాత పావుగంట వదల్లేదు, చెప్తూనే ఉన్నారు!"

లైబ్రేరియన్‌కి నవ్వొచ్చింది, ఆ వెంటనే గర్వంగానూ అనిపించింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ ప్రశ్న తనకెప్పుడూ తట్టలేదు. "అడగండి. దొరికినవాళ్లనల్లా అడగండి" అంది.

వాళ్లు నిజంగానే దొరికినవాళ్లనల్లా అడిగారు. బస్సు డ్రైవర్ని సిగ్నల్ దగ్గర అడిగారు. కళ్లజోళ్ల షాపాయన్ని అడిగారు. పళ్ల డాక్టరైతే రేడియో నోట్లో అద్దం పెట్టి పట్టుకునే జవాబు చెప్పాడు. పాపం ఆ కాసేపూ రేడియో మాట్లాడకుండా వినాల్సి వచ్చింది. మనుషుల తంతు చిత్రంగా ఉంది. ఎవర్ని కదిలించినా ముందు "నేనా? ఆపడమా?" అంటారు. అటూ ఇటూ చూస్తారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, బడి ఎగ్గొట్టిన రోజు సంగతి చెబుతున్నంత హుషారుగా మొదలుపెడతారు.

గోడ వాళ్ల నాన్నని కూడా వదల్లేదు. ఆయన సైకిలు చక్రానికి గాలి కొడుతూ వంటింటి వైపు ఒకసారి చూశాడు. "మీ అమ్మ ఇచ్చినవన్నీనూ. నా పేరు మాత్రం బయటపెట్టకే తల్లీ!"

బుధవారానికల్లా జట్టుకి ఒక సంగతి అర్థమైంది. సగంమంది నోట ఒకే పుస్తకం పేరు వస్తోంది. గురువారం వాళ్లు లైబ్రరీలో ఆ పుస్తకం కాపీలన్నీ అలమరలోంచి దింపి, పక్కపక్కన నిలబెట్టి చూశారు. చూడగానే రేడియో కెవ్వుమంది. గోడ ఆ పిల్ల నోరు చేత్తో మూసి, కాపీలన్నీ గబగబా సంచిలో దాచేసింది. శుక్రవారం దాకా ఎవరికీ చెప్పకూడదన్నారు. రేడియో ఒక పూటంతా గుట్టు దాచడం ఆ బడి చరిత్రలో అదే మొదలు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర కూతురు తలెత్తకుండా అడిగింది. "అమ్మా, నువ్వు ఏ పుస్తకం ఆపేశావు?"

"నేనా?" అని నవ్వింది తల్లి. "లైబ్రేరియన్నే పట్టుకుని అడిగే మాటేనా అది? నేనెందుకు ఆపుతాను?"

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా నీళ్లు తాగింది. కూతురు అది గమనించలేదు. "అవున్లే, నువ్వు అన్నీ చదివేస్తావు" అని పళ్లెం తీసుకుని లేచిపోయింది. తల్లి దాన్ని మెచ్చుకోలు అనుకుంది.

శుక్రవారం లైబ్రరీలో కుర్చీలు చాలక పిల్లలు కిటికీ గట్లెక్కారు. దెయ్యాల జట్టు దీపాలార్పి మరీ చదివి చప్పట్లు కొట్టించుకుంది. ఈమెయిల్ జట్టుకి ఆ పొద్దునే జవాబొచ్చింది. ఒక పిల్లాడు దాన్ని పైకి చదివితే అందరూ మళ్లీ చదవమని పట్టుబట్టారు. లైబ్రేరియన్ గుండె మాత్రం చివరి జట్టు మీదే ఉంది. చేతిలో జనరల్ నాలెడ్జి పుస్తకంతో క్లాసు టీచరు ముందు వరసలోనే కూర్చుని ఉంది మరి.

గోడ లేచి సంచిలోంచి కాపీలు తీసి బల్ల మీద నిలబెట్టింది. ఏడు వంతెనల ఏరు. లావుపాటి నవల. లైబ్రేరియన్‌కి గుండె గుభేలుమంది.

"ఇందులో ఒక ఇంజనీరమ్మ ఉంటుంది" అంది గోడ. "వరదొచ్చేలోపు ఏటి పొడుగునా నడిచి ఏడు వంతెనలూ గట్టిగా ఉన్నాయో లేదో చూడాలి. ప్రతి వంతెన దగ్గరా ఒకరు ఆవిడకి తోడొస్తారు. మొదటి పేజీ చదివాం, బాగుంది. మధ్య పేజీ చదివాం, రెండు వేళ్లే ముడిచాం. ఇప్పుడు అందరూ ఇటు చూడండి."

కాపీలన్నిటినీ అంచు కనపడేలా తిప్పింది. ప్రతి పుస్తకానికీ సగందాకా అంచు చేతి మురికితో నల్లబడి ఉంది. అక్కడినుంచి చివరిదాకా తెల్లగా మెరుస్తోంది. ఒక్కటి కాదు, అన్నీ అంతే. గదిలో "ఓ" అని గోల లేచింది.

"లెక్కల సార్ ఆపింది నాలుగో వంతెన దగ్గర. బస్సు డ్రైవరు నాలుగో వంతెన దగ్గర. పళ్ల డాక్టరూ అక్కడే. అక్కడ ఇంజనీరమ్మ కూర్చుని రాళ్లు లెక్కపెడుతుంది. అధ్యాయమంతా రాళ్లే. ఈ ఊళ్లో ఇప్పటిదాకా మేం అడిగినవాళ్లలో ఒక్కళ్లు కూడా ఆ వంతెన దాటలేదు."

"అందరూ ఆపేసిన పుస్తకం మీకెందుకే?" అని కిటికీ గట్టు మీంచి ఎవరో అరిచారు.

"అందుకే కావాలి!" గోడ కూడా అరిచింది. ఆ పిల్ల బుగ్గలు ఎర్రబడ్డాయి. "ఎవరూ దాటలేదంటే అవతల ఏముందో ఎవరికీ తెలీదన్నమాటే కదా! మేం వెళ్లి చూసొస్తాం!"

చప్పట్లకి అద్దాలు అదిరాయి. పుస్తకం పట్టుకుని కూతురు అలా ఊగిపోవడం తల్లి ఎన్నడూ చూడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి పడకుండా పైకప్పు చూసింది.

అప్పుడు క్లాసు టీచరు చెయ్యెత్తింది. "ఉత్సాహం బాగానే ఉంది. కానీ పూర్తిచేసినవాళ్లు ఒక్కరైనా లేకపోతే అది పిల్లలకి తగిందో కాదో ఎలా తెలుస్తుంది? ఆఁ, మేడం ఉన్నారుగా! ఊరందరి చేతా దీన్ని మొదలుపెట్టించింది మీరే కదా. చెప్పండి మేడం, అవతల ఏముంది?"

తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. లైబ్రేరియన్ కుడితిలో పడ్డ ఎలుకైంది.

ఎందుకంటే ఆవిడా దాటలేదు. కాలేజీ రోజుల్లో మొదటి మూడు వంతెనలూ ఒక్క ఊపున దాటి, నాలుగో దగ్గర రాళ్లు లెక్కపెట్టలేక పక్కన పెట్టింది. మళ్లీ తీద్దాంలే అనుకుంది. ఆ మూడు వంతెనల సంబరంలో కనిపించినవాళ్లందరికీ చదవమని చెప్పింది. చెప్పగా చెప్పగా తను చదివేసినట్టే అనిపించింది. ఊళ్లో సగంమందిని ఏటి మధ్యదాకా తీసుకొచ్చి వదిలేసింది తనే.

అయినా గట్టెక్కడం కష్టం కాదు. ఏ పుస్తకానికైనా సరిపోయే మాటలు ఇన్నేళ్ల ఉద్యోగంలో బోలెడు పోగయ్యాయి. "నాలుగో వంతెన తర్వాత కథ చాలా…" అని మొదలుపెట్టింది. మొదలుపెడుతూ కూతురి వైపు చూసింది, గర్వంగా నవ్వుతుందేమోనని.

కూతురి మొహం వాడిపోయింది. అందరూ చూస్తుండగా బంతి వలలో పడితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ మొహం తల్లికి కొత్త కాదు. గుమ్మంలో నిలబడి "కుక్క తిరిగొచ్చే చోటికి వచ్చావా?" అని అడిగిన ప్రతిసారీ తలగడ మీద కనిపించిన మొహమే అది. అప్పుడు నిద్రొస్తోందేమో అనుకుంది. ఇన్నాళ్లకి, పిల్లలందరి ముందూ, ఆవిడకి కళ్లు తెరుచుకున్నాయి.

"చాలా ఏంటి మేడం?" అంది క్లాసు టీచరు.

"నాకు తెలీదు" అంది లైబ్రేరియన్. ఈసారి వెనక వరసకీ వినపడేలా చెప్పింది. "నేను దాటలేదు. ఆ రాళ్ల దగ్గర నాకు విసుగొచ్చింది. ఆపేశాను. చదివినట్టు అందరికీ చెప్పుకున్నాను."



"అమ్మా!" అని గోడ గాల్లోకి ఎగిరింది. మేడం అనే నియమం ఎటుపోయిందో ఏమో. "అమ్మ కూడా దాటలేదు! రేడియో, అమ్మ కూడా దాటలేదే! అమ్మకి విసుగొచ్చిందట!"

ఆ తర్వాత ఏమైందో ఎవరూ వరసగా చెప్పలేరు. పిల్లలు బల్లలు బాదారు. ఎవరో ఈలేశారు. లైబ్రేరియన్‌కి విసుగొచ్చిందన్న వార్త బయటికి పాకి, నడవలో పోతున్న తరగతులు కూడా లోపలికి తొంగిచూశాయి. క్లాసు టీచరు కాసేపు మొహం గంటు పెట్టుకుంది. "ఆఁ, నేను మాత్రం దాటానా ఏంటి? నాదీ అక్కడే ఆగింది" అని గొణిగి జనరల్ నాలెడ్జి పుస్తకాన్ని బ్యాగులో పెట్టేసుకుంది. తగిందో కాదో జట్టుతో పాటే వారం వారం కూర్చుని చూస్తానంది.

గంట కొట్టాక లైబ్రరీ ఖాళీ అయింది. తల్లీ కూతుళ్లిద్దరూ కుర్చీలు సర్దుతున్నారు.

"పరువు పోయిందే నాది" అంది తల్లి.

"ఏం పోలేదు" అంది కూతురు. కుర్చీ మీద కుర్చీ ఎక్కిస్తూ, తల్లి వైపు చూడకుండా చెప్పింది. "నేనేం చదివినా నువ్వు ముందే వెళ్లొచ్చేసి ఉంటావమ్మా. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఏడవాలో నీకు ముందే తెలుసు. నేను వచ్చేదాకా అక్కడ నిలబడి చూస్తుంటావు. ఇంక నేనెందుకు రావడం అనిపించేది."

తల్లి చేతిలో కుర్చీ కింద పెట్టింది. మంచి చేస్తున్నాననే అనుకుంది. "తప్పయిపోయిందమ్మా" అంది.

"నాకు నువ్వు చదవని పుస్తకం కావాలనే ఇదంతా మొదలుపెట్టాను. ఒక్కటైనా దొరుకుతుందేమోనని. దొరికింది!" ఆ అమ్మాయి మొహం మళ్లీ వెలిగిపోయింది. "ఒక షరతు. మేం దాటేదాకా నువ్వు దాన్ని ముట్టుకోకూడదు."

"ముట్టుకోను."

చెప్పినంత తేలిక కాలేదు. పుస్తకం ఇంట్లో, పట్టుకుంటే దొరికేంత దూరంలో, కూతురి తలగడ పక్కనే ఉంది. ఆవిడ మంచం దుప్పటి దులుపుతూ దాన్ని కళ్లు మూసుకుని పక్కకి జరిపేది. బడిలో క్లబ్బు కూర్చున్న రోజున జట్టువాళ్లు గుసగుసలాడుకుంటుంటే కావాలని దూరపు అలమర సర్దడానికి వెళ్లేది. ఎందాకా వచ్చావని అడగబోయి, ఎన్నిసార్లు నాలుక కరుచుకుందో లెక్కలేదు. గుమ్మం ఛాయలకే పోలేదు.

ఒక ఆదివారం పొద్దున ఆవిడ వంటింట్లో కూరలు తరుగుతుంటే కూతురు పరుగున వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు, పుస్తకంలో వేలు పెట్టి పట్టుకుంది.

"అమ్మా, నువ్వు ఇది నిజంగా చదవలేదు కదా?"

"చదవలేదు."

"దొంగతనంగా కూడా?"

"నీమీదొట్టు. ముట్టుకుంటే అడుగు."

"అయితే కత్తి పక్కన పెట్టి కూర్చో." తనూ ఎదురుగా నేలమీద చతికిలబడింది. "ఆ రాళ్లెందుకు లెక్కపెడుతోందో తెలుసా? నీకు తెలీదు! ఎవరికీ తెలీదు! ఆ వంతెన వాళ్ల నాన్న కట్టింది. దానిమీద అడుగుపెట్టడానికి ఆవిడకి భయం. భయమని చెప్పుకోలేక లెక్కపెడుతూ కూర్చుంది. లెక్క అయిపోతే దాటాలి కదా, అందుకని మళ్లీ మొదట్నించీ మొదలుపెడుతుంది. ఆ మాట అధ్యాయం చివరి పేజీలో ఉందమ్మా! మీరంతా దానికి కాస్త ముందు ఆపేశారు!"

తల్లి ముందుకి వంగింది. ఇన్నేళ్లూ రాళ్లే అనుకున్నవి రాళ్లు కావు. "అయ్యో! మరి దాటిందా?" అంది, తన గొంతు తనకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

కూతురు వెంటనే చెప్పలేదు. తనకి తెలిసి అమ్మకి తెలియని చోట ఆ అమ్మాయి నిలబడి ఉంది, ఆ సంతోషం మొహమంతా పరుచుకుంది. ఆ సంతోషం ఎలాంటిదో తల్లికి బాగా తెలుసు. ఇంతకాలం ఇంట్లో అది ఆవిడొక్కదానిదే.

"తొందరపడకు, చెప్తున్నా కదా" అంది కూతురు. మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకుని, చేతులు తిప్పుతూ, ఐదో వంతెన దగ్గర వానెలా మొదలైందో చెప్పడం మొదలుపెట్టింది. తల్లి నోరు మూసుకుని వింది.